అనంతపురం నుంచి అమెరికన్ హాకీ లీగ్: ఏడాది చందాపై ఒక ఫార్వర్డ్ అభిప్రాయం

నేను అనంతపురంలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. చదువుకునే రోజుల్లో హాకీలో ఫార్వర్డ్‌గా ఆడాను, ఇప్పుడు మా బడి ఆడపిల్లలకు అదే ఆట నేర్పుతున్నాను. ఐస్ హాకీ మ్యాచ్‌లను ఆన్‌లైన్‌లో చూపించే ఈ చందాను కూడా ఫార్వర్డ్ కళ్లతోనే చూశాను. ఉత్తర అమెరికాలో ఐస్ హాకీకి అన్నిటికన్నా పై లీగ్ ఎన్‌హెచ్‌ఎల్. ఆ తారల ఆట కోసం చూసేవారు దీనికి డబ్బు కట్టనక్కరలేదు. ఇందులో వచ్చేది దాని కింది మెట్టు, అమెరికన్ హాకీ లీగ్. నాకు కావలసింది అదే.

1936లో మొదలైన ఈ లీగ్‌లో ఇప్పుడు 32 జట్లు ఉన్నాయి. ఒక్కో జట్టు సీజన్‌లో 72 మ్యాచ్‌లు ఆడుతుంది. శుక్ర, శని, ఆదివారాల్లో వరుసగా మూడు మ్యాచ్‌లు పడే వారాలు కూడా ఉంటాయి, మధ్యలో బస్సు ప్రయాణాలు. ఎన్‌హెచ్‌ఎల్‌కు చేరినవారిలో నూటికి దాదాపు తొంభై మంది ఇక్కడ ఆడి వెళ్లినవారే. అయితే ఇక్కడ ఆడినవారందరూ అక్కడికి చేరరు. ఈ చందా విలువ నాకు అక్కడే కనిపించింది: పేరు మోగని ఒక ఆటగాడిని పట్టుకుని సీజన్ పొడవునా అతని పనిని గమనించవచ్చు. గోల్స్ మాత్రమే ఏరి చూపించే చిన్న వీడియోల్లో అది దొరకదు.

నేను పట్టుకున్నది అర్ష్‌దీప్ బైన్స్‌ను. కెనడాలోని సర్రేలో పుట్టిన పంజాబీ కుటుంబపు కుర్రవాడు, లెఫ్ట్ వింగర్, అంటే ఎడమ అంచున ఆడే ఫార్వర్డ్. ఎన్‌హెచ్‌ఎల్ జట్లు ఏటా కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అతన్ని ఏ జట్టూ తీసుకోలేదు. అయినా 2021-22లో రెడ్ డీర్ జట్టు తరఫున 112 పాయింట్లు (గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి) సాధించి, ఆ సీజన్‌లో కుర్రాళ్ల లీగ్ అయిన వెస్ట్రన్ హాకీ లీగ్ మొత్తానికి మొదటి స్థానంలో నిలిచాడు. అప్పుడు ఎన్‌హెచ్‌ఎల్ జట్టు వాంకూవర్ కనక్స్ ఒప్పందం ఇచ్చి, తన అనుబంధ జట్టు అబాట్స్‌ఫర్డ్‌లో ఆడించింది. 2024 ఫిబ్రవరిలో తొలి ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ ఆడాడు. ఆ తర్వాత పైకి పిలుపు, మళ్లీ కిందికి. కిందికి వచ్చాక కూడా అతని పరుగులో వేగం తగ్గలేదు. 2025 జూన్‌లో అబాట్స్‌ఫర్డ్ షార్లట్‌ను ఆరు మ్యాచ్‌ల ఫైనల్లో ఓడించి ఈ లీగ్ విజేతకిచ్చే కాల్డర్ కప్ గెలిచినప్పుడు అతను ఆ జట్టులో ఉన్నాడు.

పూర్తి మ్యాచ్ చూస్తే ఒక షిఫ్ట్ ఎలా గడుస్తుందో అర్థమవుతుంది. బెంచ్ మీది నుంచి దూకి, ముప్పావు నిమిషం ప్రాణం పెట్టి ఆడి, తిరిగి వెళ్లిపోవాలి. ఆ కాస్త వ్యవధిలో వింగర్ ఎక్కువగా ఉండేది రింక్ (మంచు మైదానం) చుట్టూ ఉండే గోడ దగ్గర. పక్, అంటే ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల, గోడకూ ప్రత్యర్థి బూటుకూ మధ్య ఇరుక్కుంటుంది. వింగర్ నడుము వంచి, తుంటితో అతన్ని అడ్డుకుని, తన స్కేట్‌తో పక్‌ను వెనక్కి తన్ని, ఆ తర్వాతే స్టిక్ అందిస్తాడు. మన హాకీలో కాలు తగిలితే ఫౌల్ కదా, ఇది చూసిన మా పిల్లలు మొదట విజిల్ ఎందుకు వేయలేదని గొడవ చేశారు. ఆ పని స్కోరు పట్టికలోకి ఎక్కదు. అది బాగా చేసే మనిషికే కోచ్ మరో షిఫ్ట్ ఇస్తాడు.

ఇంకొక నిబంధన తెలిశాక ఈ లీగ్ మీద నా ప్రేమ రెట్టింపైంది, బాధ కూడా. గోల్‌కీపర్లు కాక రాత్రికి 18 మందిని దింపితే, వారిలో 13 మంది ఎదుగుతున్న ఆటగాళ్లే కావాలి. ఆ 13 మందిలో 12 మంది 260 ప్రొఫెషనల్ మ్యాచ్‌లకు మించి ఆడి ఉండకూడదు, మిగిలిన ఒక్కరికి 320 వరకు వెసులుబాటు. అంతకంటే అనుభవం ఉన్నవారికి మిగిలేది ఐదు చోట్లే. ముప్పై ఏళ్లు దాటిన ఫార్వర్డ్ ఎంత బాగా ఆడినా ఆ ఐదింటి కోసం ప్రతి రాత్రీ పోటీ పడాలి. కాదంటే ఇంకో మెట్టు కింద ఉన్న ఈసీహెచ్‌ఎల్ లీగ్‌కు దిగడమో, యూరప్ వెళ్లడమో. ఈ లెక్క మనసులో పెట్టుకుని చూడండి, నాలుగో లైన్‌లో, అంటే అందరికన్నా తక్కువ సేపు దిగే ఫార్వర్డ్‌ల గుంపులో, ఆడే పెద్దాయన ఒక షాట్‌కు అడ్డంగా పడుకోవడం వేరుగా కనిపిస్తుంది.

భారతీయ మూలాలున్నవారిలో ఎన్‌హెచ్‌ఎల్‌లో తొలిసారి ఆడిన రాబిన్ బావా 1989లో అడుగుపెట్టారు. అక్కడ ఆడింది మొత్తం 61 మ్యాచ్‌లు, కెరీర్‌లో ఎక్కువ భాగం కింది లీగ్‌లలోనే గడిచింది. అప్పట్లో అనంతపురంలో ఉండి ఆయన ఆట చూసే దారే లేదు.

ఇక వాడకం సంగతి. అబాట్స్‌ఫర్డ్‌లో రాత్రి ఏడింటికి మొదలైతే, మనకు మరుసటి ఉదయం అవుతుంది.  వాళ్ల శనివారం రాత్రి మ్యాచ్ మనకు ఆదివారం ఉదయమే, ఉగ్గాని, బజ్జీ ముందు పెట్టుకుని హాయిగా చూడవచ్చు. తూర్పు తీరపు జట్లయితే తెల్లవారుజామునే లేవాలి, లేదంటే తర్వాత రికార్డింగ్ చూసుకోవాలి. ఫోనులో చూడకండి. పక్ అడ్డకొలత మూడంగుళాలే, చిన్న తెర మీద అది ఎటు పోయిందో తెలియదు. టీవీకి కలపండి. చెల్లింపు డాలర్లలో ఉంటుంది కాబట్టి కార్డుకు విదేశీ లావాదేవీల అనుమతి ముందే పెట్టించుకోవాలి.

లోటు ఒకటే. కెమెరా పక్‌ను వెంటాడుతుంది. పక్ లేనప్పుడు వింగర్ ఎక్కడ నిలబడ్డాడు, ఎవరిని లాక్కుపోయి దారి చేశాడు అన్నది తెర బయటే జరిగిపోతుంది. నాలాంటివారు పిల్లలకు ముఖ్యంగా నేర్పవలసింది అదే. అయినా ఊరి జట్టును ఏళ్ల తరబడి చూస్తున్న వ్యాఖ్యాతలు మాట్లాడతారు కనుక, ఎవరు ఏ గాయం నుంచి తిరిగొచ్చారో, ఎవరికి పై నుంచి పిలుపు వచ్చిందో తెలుస్తుంది.

హాకీ నేర్పే వ్యాయామ ఉపాధ్యాయులకు, ఫార్వర్డ్ ఆడే పిల్లల తల్లిదండ్రులకు తప్పక చెబుతాను. సీజన్ అక్టోబరులో మొదలవుతుంది, అప్పుడు తీసుకుంటే జూన్‌లో కప్ తేలేవరకు చూడవచ్చు. మొదటి మ్యాచ్‌లో ఒక్క వింగర్ చొక్కా నంబరు కాగితం మీద రాసుకుని, అతను బెంచ్ దిగినప్పుడల్లా అతన్నే చూడండి.