హనుమకొండలో గ్రూప్-2 కోచింగ్: పాలిటీ అద్భుతం, సొసైటీ నోట్సు మారాలి

హనుమకొండలో ఒక కోచింగ్ సెంటర్‌లో గ్రూప్-2 పూర్తి బ్యాచ్ చేశాను. చేరాలా వద్దా అని ములుగు జిల్లాలోని మా తాడ్వాయి, ఏటూరునాగారం వైపు నుంచి చాలామంది చెల్లెళ్లు, తమ్ముళ్లు అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెప్పినట్టు ఉంటుందని ఇది రాస్తున్నాను. సెంటర్ పేరు ఇక్కడ పెట్టడం లేదు. నేను చెప్పబోయే లోపం ఆ ఒక్క చోటుదే కాదు. హాస్టల్‌లో నా గది స్నేహితులు వేరే సెంటర్ల నుంచి తెచ్చుకున్న మెటీరియల్‌లోనూ అదే పేజీ, అదే పట్టిక చూశాను.

ముందు బాగున్నవి చెప్పాలి. పాలిటీ చెప్పే సార్ రాజ్యాంగాన్ని చేతిలో పట్టుకునే క్లాసుకు వస్తారు. అధికరణం చదివి, అది ఎందుకు వచ్చిందో, ఏ తీర్పుతో దాని అర్థం మారిందో చెప్పి, ఆ తర్వాతే బిట్లలోకి వెళ్తారు. తెలంగాణ చరిత్ర క్లాసు కూడా అంతే శ్రద్ధగా నడిచింది. కాకతీయుల పాఠం కోసం ఒక ఆదివారం మమ్మల్ని ఖిలా వరంగల్ తీసుకెళ్లి కీర్తి తోరణాల మధ్య నిలబెట్టి చెప్పారు. స్టడీ హాల్ రాత్రి దాకా తెరిచి ఉంటుంది, అమ్మాయిలకు వేరే వరుస. గ్రాండ్ టెస్టు అయ్యాక ప్రతి ప్రశ్నకూ వివరణతో కాగితం ఇస్తారు. ఊరి నుంచి వచ్చి గది అద్దెకు తీసుకుని చదివే పిల్లలకు ఇవన్నీ ఎంత విలువైనవో నాకు తెలుసు.

ఇక సొసైటీ. రెండో పేపర్‌లో చరిత్ర, పాలిటీతో పాటు వచ్చే భాగం ఇది. కులం, తెగ, కుటుంబం, వివాహం అన్నీ ఇందులోనే ఉంటాయి. ‘భారతదేశంలోని జాతులు’ అన్న పాఠం రోజున సార్ బోర్డు మీద మానవ శాస్త్రవేత్త బి.ఎస్. గుహా పట్టిక వేశారు. నెగ్రిటో, ప్రోటో ఆస్ట్రలాయిడ్, మంగోలాయిడ్, మెడిటరేనియన్, పశ్చిమ బ్రాకీసెఫాల్, నార్డిక్ అని ఆరు వరుసలు. ఒంటి రంగు, జుట్టు, ముక్కు, ఉదాహరణలు అని నిలువు గడులు. బాగా గుర్తుండాలని ఆయన మమ్మల్నే ఉదాహరణలుగా తీసుకున్నారు. మొదట నన్నే.

“అమ్మా, నువ్వు లేచి నిలబడు. మీది ఏ ఊరు?”

“తాడ్వాయి దగ్గర, సార్.”

“చూశారా, ప్రోటో ఆస్ట్రలాయిడ్. నలుపు, వెడల్పు ముక్కు, ఉంగరాల జుట్టు.”

తర్వాత కరీంనగర్ అబ్బాయిని నిలబెట్టి మెడిటరేనియన్ అన్నారు. మహబూబాబాద్ నుంచి వచ్చిన నా లంబాడా స్నేహితురాలిని చూసి, “నువ్వు ఎస్టీ అంటే ఎవరూ నమ్మరు” అన్నారు. ఆమె తెల్లగా ఉంటుంది. ఆయన మనసులో కీడు లేదు, దాన్ని మంచి బోధనా పద్ధతి అనుకున్నారు. కానీ ఆ పట్టిక బోర్డు మీద ఆగిపోలేదు. ఆ వారమంతా హాస్టల్ మెస్‌లో అమ్మాయిలు మణికట్లు పక్కపక్కన పెట్టి ఎవరు ఏ రకమో తేల్చుకున్నారు. మీ పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చారా అని ఒకమ్మాయి నన్ను నిజంగానే, ఏ ఎగతాళీ లేకుండా అడిగింది. మనుషులందరి పూర్వీకులూ ఆఫ్రికా నుంచే బయలుదేరారు, నీవాళ్లు కూడా అని చెప్పాను. ఆమెకు నమ్మకం కలగలేదు. నోట్సులో అలా లేదు మరి.

ఆ పట్టిక ఎక్కడి నుంచి వచ్చిందో నోట్సులో ఒక్క వాక్యం కూడా లేదు. నేను సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని వెతుక్కున్నాను. 1901 జనాభా లెక్కల కమిషనర్ హెర్బర్ట్ రిస్లీ ముక్కు వెడల్పును ఎత్తుతో భాగించి, వందతో గుణించి వచ్చే నాసికా సూచికతో ఈ దేశ ప్రజలను ఏడు రకాలు చేశాడు. ముక్కు ఎంత సన్నమైతే సమాజంలో హోదా అంత ఎక్కువ అని కూడా వాదించాడు. పరిపాలనా అధికారం చేతిలో ఉన్న మనిషి ఆ మాట అంటే అది లెక్కల పుస్తకాల్లోకి ఎక్కింది. ముప్పై ఏళ్ల తర్వాత, హట్టన్ కమిషనర్‌గా జరిగిన 1931 జనగణన కోసం గుహా కొలతలు తీసి ఆరు రకాలు చేశారు. ఏడు ఆరయింది. మనుషులు మారలేదు, కొలిచేవారు మారారు. ఈ ఒక్క సంగతి చెబితే చాలు, విద్యార్థి ఆ పట్టికను వేరే కళ్లతో చూస్తాడు.

ఒంటి రంగు వంశాన్ని చెబుతుందన్న నమ్మకమే అసలు బలహీనం. ఎండ తీవ్రంగా ఉన్న చోట అతినీలలోహిత కిరణాలు శరీరంలోని ఫోలేట్ అనే విటమిన్‌ను దెబ్బతీస్తాయి, నల్లని చర్మం దాన్ని కాపాడుతుంది. ఎండ తక్కువ ఉన్న చోట విటమిన్ డి తయారీకి లేత చర్మం అనుకూలం. కాబట్టి భూమధ్యరేఖకు దగ్గరగా వేల ఏళ్లు బతికిన వాళ్లు ఒకరికొకరు దగ్గరి చుట్టాలు కాకపోయినా నల్లగా ఉంటారు. గుహా తరహా పుస్తకాలు అండమాన్ ఆదివాసులను రంగు, జుట్టు చూసి నెగ్రిటో అన్నాయి. జన్యువులు చూస్తే వాళ్లు ఆఫ్రికా ప్రజల కంటే ఆసియా ప్రజలకే దగ్గర. అంత దూరం ఎందుకు, మా ఇంట్లో అన్నయ్య, నేను ఒకే తల్లి పిల్లలం. అన్నయ్య నాకంటే బాగా తెలుపు. ఆ బోర్డు ప్రకారం మా ఇద్దరినీ వేర్వేరు వరుసల్లో రాయాలి.

నాకు ఎక్కువ బాధ కలిగించింది మరొకటి. ఈ విషయంలో ప్రపంచం గమనించిన పరిశోధన జరిగింది మన హైదరాబాద్‌లోని సీసీఎంబీలో, అంటే కణ, అణు జీవశాస్త్ర పరిశోధనా కేంద్రంలో. హనుమకొండ నుంచి బస్సెక్కితే కొన్ని గంటల దారి. అక్కడి కుమారసామి తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2009లో ప్రచురించిన పరిశోధనలో 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించారు. మాల, మాదిగ సమూహాల వారు కూడా అందులో ఉన్నారు. భారత ప్రధాన భూభాగంలో వాళ్లు చూసిన దాదాపు ప్రతి సమూహంలోనూ రెండు ప్రాచీన మూలాలు, ఎక్కువ తక్కువలతో, కలిసే కనిపించాయి. 2013లో వచ్చిన తరువాతి అధ్యయనం ఆ కలయిక సుమారు 1,900 నుంచి 4,200 ఏళ్ల కిందట జరిగిందనీ, ఆ తర్వాతే ఎవరి సమూహంలో వాళ్లే పెళ్లి చేసుకునే ఆచారం గట్టిపడిందనీ చూపింది. ఒక్క మూలంతో నిలిచిన శుద్ధమైన గడి ఏదీ మిగలలేదు, కరీంనగర్ అబ్బాయికీ లేదు, నాకూ లేదు. ఒంటి రంగులో పెద్ద పాత్ర ఉన్న ఎస్ఎల్‌సీ24ఏ5 అనే జన్యువు సంగతి 2005లో జీబ్రా చేపల ద్వారా బయటపడింది. యూరప్‌లో రంగును లేతగా చేసే దాని రూపం మన దేశంలోనూ ఉత్తరం, దక్షిణం అని లేకుండా వేర్వేరు మోతాదుల్లో ఉంది. సొసైటీ నోట్సులో ఇందులో ఒక్క ముక్క లేదు.

మా క్లాసులో సగం మంది ఇళ్ల నుంచి ఎవరో ఒకరు అమెరికాలో ఉన్నారు. వాళ్లకు ఇదింకా బాగా అర్థమవుతుంది. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ తాను ఆర్య వంశీయుడినని, కాబట్టి శ్వేతజాతీయుడినేనని పౌరసత్వం కోరితే, 1923లో అక్కడి సుప్రీంకోర్టు సామాన్యుడు నిన్ను తెల్లవాడు అనుకోడు అని తోసిపుచ్చింది. 1920 నుంచి 1940 వరకు అక్కడి జనగణనలో మనవాళ్ల జాతి ‘హిందూ’, ఏ మతం వారైనా సరే. 1970లో శ్వేతజాతి కింద లెక్కించారు. 1980లో ఏషియన్ ఇండియన్ అయ్యారు. రంగు అదే, పూర్వీకులు వాళ్లే. పది నిమిషాల్లో చెప్పగలిగిన పాఠం ఇది. పరీక్షకూ పనికొస్తుంది.

నా లంబాడా స్నేహితురాలితో సొసైటీ సార్ అన్న మాట సిలబస్ ప్రకారం కూడా తప్పు. షెడ్యూల్డ్ తెగల గుర్తింపుకు 1965లో లోకూర్ కమిటీ చెప్పిన ఐదు ప్రమాణాల్లో ఒంటి రంగు లేదు. ఆ ప్రమాణాల మీద నాకు వేరే అభ్యంతరాలున్నాయి, అది వేరే చర్చ. కానీ రంగు చూసి ఎస్టీ కాదనే అధికారం ఏ చట్టమూ ఎవరికీ ఇవ్వలేదు. పాలిటీ సార్ పక్క గదిలోనే ఎస్టీల జాబితా గురించిన 342వ అధికరణం ఎంత చక్కగా చెప్పారో!

ఇదంతా రాసి డైరెక్టర్ గారికి ఇచ్చాను. మర్యాదగా చదివారు. “బిట్టు వస్తుంది కదమ్మా, చెప్పకుండా ఎలా?” అన్నారు. చెప్పాల్సిందే, నేనూ ఒప్పుకుంటాను. గుహా, 1931, ఆరు రకాలు అని అడిగితే విద్యార్థికి జవాబు రావాలి. నేను అడిగినవి మూడే. శీర్షిక ‘1931లో గుహా చేసిన వర్గీకరణ’ అని మార్చాలి. ఆ వెంటనే సీసీఎంబీ పరిశోధన మీద ఒక పేజీ ఉండాలి. ఏ పిల్లనూ, ఏ పిల్లవాడినీ నమూనాగా నిలబెట్టకూడదు. తర్వాత సొసైటీ సారే ఫోన్ చేసి, నేను చదివినవేమిటో అడిగి రాసుకున్నారు. ఆ విషయంలో ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. కొత్త బ్యాచ్ రన్నింగ్ నోట్సు తెప్పించుకుని చూశాను. శీర్షిక మారింది. ఉదాహరణల గడిలో కోయలు, గోండులు, చెంచులు ఇంకా అలాగే ఉన్నారు, సీసీఎంబీ పేజీ రాలేదు.

పాలిటీ, టెస్ట్ సిరీస్ విడిగా తీసుకునే వీలుంది, రెండూ కళ్లు మూసుకుని తీసుకోండి. పూర్తి బ్యాచ్ అనుకుంటే డబ్బు కట్టేముందు సొసైటీ మెటీరియల్ అడిగి జాతుల పేజీ చదవండి, డెమో క్లాసులో దాని గురించే ప్రశ్న వేయండి. సీసీఎంబీ పరిశోధన మీద నేను తెలుగులో రాసుకున్న నోట్సు స్టడీ హాల్‌లో ఒక ప్రతి ఉంచాను, కావలసినవాళ్లు జిరాక్సు తీసుకోవచ్చు.