కోడెకు విత్తులు నొక్కించాలంటే పడేసి కట్టాలా, ట్రెవిస్‌లో (పశువును కదలకుండా నిలబెట్టి కట్టే చట్రంలో) నిలబెట్టాలా?

అలమండ సంతలో కోడెలు కొన్నవాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే. మొన్న మాఘంలో మా చిన్నకోడెకు చేయించాను కాబట్టి నేను చూసింది చెబుతాను.

పడేస్తే ఇంటి కళ్లంలోనే పని అయిపోతుంది. మెడకో చుట్టు, ముందుకాళ్ల వెనక ఒకటి, పొట్ట చుట్టూ ఇంకొకటి పగ్గం వేసి వెనక్కి లాగితే ఎంత కోడైనా మెల్లగా కూలబడుతుంది. కింద గడ్డి మందంగా పరవాలి. పొట్ట నిండా మేత ఉండగా పడేస్తే కడుపు ఉబ్బుతుంది, నోట్లోకి వచ్చిన మేత ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పని అవగానే రొమ్ము మీద కూర్చోబెట్టాలి. ట్రెవిస్‌లో నిలబడే ఉంటుంది కాబట్టి ఈ భయం తక్కువ. కాకపోతే కొత్త చోటుకి బెదురుతుంది. కాస్త తవుడు పెట్టి, అరవకుండా లోపలికి నడిపించాలి.

ఈ రెండింటికంటే నేను ముందు చూసేది మత్తు సూది. బర్డిజో పట్టకారు విత్తుల నరాన్ని తోలు కిందే నలిపేస్తుంది. రక్తం కనపడదు కాబట్టి నొప్పి లేదనుకుంటాం. ఆరేళ్ల క్రితం మా పెద్దకోడెను అలాగే, సూది లేకుండా, నలుగురం పట్టుకుని నొక్కించాం. వెనకకాలి మీద తాడు ఒరుసుకుపోయింది. రెండు రోజులు మేత ముట్టలేదు. ఇప్పటికీ వెనక నుంచి తాడు పట్టుకుని వెళ్తే ఎగిరి పడుతుంది. అది చూసినప్పుడల్లా నాకు బాధే.

చిన్నదాన్ని ట్రెవిస్‌లో పెట్టించాను. డాక్టర్‌గారు రెండు వైపులా లిగ్నోకైన్ అనే మత్తుమందు సూది ఇచ్చి గడియారం చూస్తూ నిలబడ్డారు. "ఏటి డాక్టరుబాబూ, ఇంకా మొదలెట్టరేటి?" అన్నాడు మా నాన్న. మందు పట్టడానికి 5 నుంచి 10 నిమిషాలు కావాలట. తర్వాత తోలు మీద సూదిమొనతో గుచ్చి చూశారు, కోడె కదల్లేదు. పట్టకారు నొక్కినప్పుడు ఒక్కసారి కాలు మార్చుకుంది, అంతే. సాయంత్రానికి నెమరు వేస్తూ కనపడింది.

ఆ మత్తు గంటా రెండు గంటల్లో దిగిపోతుంది కాబట్టి మెలోక్సికామ్ అనే నొప్పి తగ్గించే మందు కూడా ముందే వేయించాలి. డైక్లోఫెనాక్ మాత్రం వద్దు. అది వేసిన పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందులు చస్తున్నాయని 2006లోనే పశువులకు నిషేధించారు.

జైలజిన్‌తో మగతగా పడుకోబెట్టే పద్ధతీ ఉంది. పశువుకి గుర్రం మోతాదులో పదో వంతు చాలు, కాబట్టి అది పూర్తిగా డాక్టర్ చేతి పని. ముక్కు పట్టకారు తల కదలకుండా ఉండటానికే, నొప్పికి కాదు.

ట్రెవిస్, సూది రెండూ దొరికితే అదే చేయించండి. మీ ఊళ్లో ట్రెవిస్ లేకపోతే, సూది వేయించి జాగ్రత్తగా పడేయడమే సూది లేని ట్రెవిస్ కంటే మేలంటాను. డాక్టర్‌కి ఫోన్ చేసినప్పుడే లిగ్నోకైన్, మెలోక్సికామ్ ఉన్నాయా అని అడగండి. లేవంటే చీటీ రాయించుకుని ముందురోజే కొని పెట్టుకోండి.