సమాధుల తోట స్థలానికి నేల పరీక్ష: రెండు విడతల సేవపై మా కమిటీ అనుభవం

కృష్ణా డెల్టా అంచున, కాలువను ఆనుకుని పెరిగిన మా పట్టణంలో సమాధుల తోట నిండిపోయి చాలాకాలమైంది. పాత సమాధిని తెరిచి అదే కుటుంబంలోని మరొకరిని ఉంచడం ఇక్కడ అలవాటైన పనే. అయితే కొన్నేళ్లుగా వర్షాకాలంలో గొయ్యి తవ్వగానే ఊట రావడం, బంధువులంతా చుట్టూ నిలబడి ఉండగా బకెట్లతో నీళ్లు తోడిపోయవలసి రావడం మామూలైపోయింది. అందుకే ఊళ్లోని క్రైస్తవ సంఘాలన్నీ కలిసి కొత్త స్థలం కోసం కమిటీ వేసుకున్నప్పుడు, ఎకరం ధర కన్నా ముందు నేల కింద నీరు ఎంత లోతున ఉందో తెలుసుకోవాలని అనుకున్నాం. ఆ పనికి ఒక భూగర్భజల పరిశీలన సంస్థను కుదుర్చుకున్నాం. వారి పనిలో మెచ్చుకోదగినవీ, తప్పుపట్టదగినవీ రెండూ ఉన్నందువల్ల, పేరు చెప్పకుండా ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదట మూడు సంస్థలను అడిగాం. రెండు సంస్థలు మే నెలలో వచ్చి రెండు రోజుల్లో పని ముగించి నివేదిక ఇస్తామన్నాయి. మూడవ సంస్థ మాత్రం ఒక్కసారి వచ్చి కొలిచి వెళ్లే పనైతే తాము ఒప్పుకోలేమని చెప్పింది. వేసవిలో కాలువలు కట్టేసి ఉంటాయి, పొలాలు ఎండి ఉంటాయి కనుక నీటిమట్టం బాగా దిగిపోయి కనిపిస్తుంది. జూన్, జూలైలలో ప్రకాశం బ్యారేజీ నుంచి నీరు వదిలి, వరినాట్లు పడి, ఆపైన అక్టోబరు, నవంబరు నెలల తుఫాను వానలు కూడా కురిశాక అదే మట్టం ఎంతో పైకి వస్తుంది. కేంద్ర భూగర్భజల మండలి తన పరిశీలక బావుల్లో ఏడాదికి నాలుగుసార్లు కొలతలు తీసుకునేది కూడా ఈ హెచ్చుతగ్గుల కోసమే. మూడు స్థలాలకు, రెండు విడతలకు కలిపి వారు అడిగిన 85 వేల రూపాయలు మిగతావారి ధరకు దాదాపు రెట్టింపు కావడంతో కమిటీలో రెండు సాయంత్రాలు వాదన జరిగింది. ఒప్పించినవారిలో నేనూ ఉన్నాను కాబట్టి ఆ మేరకు నా అభిప్రాయంలో పక్షపాతం ఉందనుకున్నా అభ్యంతరం లేదు.

మొదటి స్థలం కాలువ పక్కనున్న నల్లరేగడి భూమి. ఊరికి దగ్గర, దారి ఉంది, యజమాని సగం ధరకే ఇస్తానన్నారు, అందరి మనసూ దానిమీదే ఉంది. మే నెలలో అక్కడ చేయి దూరేంత బీటలు కనిపించాయి. ఆగర్‌తో రంధ్రం చేస్తే 11 అడుగుల లోతున గానీ నీరు తగలలేదు. సంస్థవారు రంధ్రంలో చిల్లుల పీవీసీ గొట్టం దించి, మూత బిగించి వెళ్లిపోయారు. అక్టోబరు చివరి వారంలో మూత తీసి టేపు వేస్తే నీరు మూడున్నర అడుగుల్లోనే ఉంది. మేము ఆరు అడుగుల గొయ్యి తవ్వుతాం. అంటే గొయ్యి అడుగుభాగం రెండున్నర అడుగుల మేర నీటిలోనే ఉంటుందన్నమాట. గాలి ఆడని తడి బంకమట్టిలో శరీరం త్వరగా మట్టిలో కలవకపోగా, కొవ్వు మైనంలా గట్టిపడి ఏళ్ల తరబడి నిలిచిపోతుందని కూడా వారు చెప్పారు. పాత సమాధులను తిరిగి తెరిచే ఆచారం ఉన్న మాకు ఇది చిన్న విషయం కాదు. ఒక్క మే నెల కొలతను నమ్మి ఉంటే ఈపాటికి అక్కడ ప్రహరీ కట్టేవాళ్లం.

దూరాల విషయంలో వారు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా కార్యాలయం 1998లో వెలువరించిన నివేదికను ప్రమాణంగా తీసుకున్నారు. తాగునీటి బావికి, బోరుకు 250 మీటర్లు, ఇతర వాగులకు 30 మీటర్లు దూరం ఉండాలని, గొయ్యి అడుగు అత్యధిక నీటిమట్టానికి కనీసం ఒక మీటరు పైన ఉండాలని అందులో సూచించారు. ఇంటింటికీ బోరు ఉన్న మన పట్టణాల్లో 250 మీటర్ల వలయం గీస్తే ఊరి చుట్టుపక్కల చాలా భూములు అందులోంచి తప్పించుకోలేవు. వారు ఈ ఇబ్బందిని దాచకుండా, ప్రతి స్థలం చుట్టూ తిరిగి వాడుకలో ఉన్న బోర్లన్నిటినీ పటంలో గుర్తించి ఇచ్చారు. నివేదిక మొత్తంలో మాకు అత్యంత ఉపయోగపడిన పుట అదే.

ఇంకొక మంచి విషయం కూడా చెప్పాలి. పాత తోటలో చాలా ఏళ్లుగా గోతులు తవ్వుతున్న పెద్దాయనను వారు తమంతట తామే పిలిపించుకుని మాట్లాడారు. “సమాధుల పండుగ నాటికి నడుములోతులోనే ఊట తగులుతుందండీ, సంక్రాంతి దాటాక గానీ దిగదు” అని ఆయన చెప్పిన మాట అక్టోబరు కొలతతో సరిపోయింది (సమాధుల పండుగ నవంబరు మొదట్లో వస్తుంది). మా కమిటీలో ఎవరికీ ఆయనను అడగాలని తోచలేదు.

తప్పుపట్టవలసింది పని చేసిన వరుసను. రెండవ స్థలం చెరువును ఆనుకున్న ఖాళీ భూమి. అక్కడ ఒకటిన్నర రోజు తవ్వి, నేలలో నీళ్లు పోసి ఎంతసేపటికి ఇంకుతున్నాయో కూడా కొలిచాక, రెవెన్యూ రికార్డులో అది చెరువు పోరంబోకు అని తేలింది. జలవనరుగా నమోదైన భూమిలో సమాధుల తోటకు అనుమతి రాదు. అడంగల్ (గ్రామ భూముల రికార్డు), ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) పటం ముందే చూసి ఉంటే ఆ శ్రమ మిగిలేది. మేమూ చూడలేదన్నది నిజమే గానీ, ఇదే వృత్తిగా ఉన్నవారు చూసుకోవలసిన మొదటి కాగితం అదే కదా! పైగా నివేదిక అంతా ఇంగ్లిషులోనే ఇచ్చారు. తెలుగులో నాలుగు పుటల సారాంశం కావాలని అడిగితే దానికి వేరే రుసుము చెప్పారు. చివరికి హైస్కూలు సైన్సు మాస్టారు ఒకరు రాసిపెట్టారు. స్థలానికి బండి వెళ్లే దారి వర్షాకాలంలో మునుగుతుందా లేదా అన్నది నివేదికలో ఎక్కడా లేదు.

మూడవ స్థలం హైవే దాటాక మెరకమీద ఉన్న ఎర్ర గరుసు నేల. గడ్డపారకు లొంగదు, ఊరికి దూరం, శవపేటికను మోసుకుంటూ నడిచి వెళ్లే అలవాటు అక్కడితో ఆగిపోతుంది. అయితే అక్టోబరులో కూడా నీరు 14 అడుగుల దిగువనే ఉంది, 250 మీటర్ల లోపల వాడుకలో ఉన్న బోరు ఒక్కటే ఉంది. ఆ బోరు రైతు దాన్ని మార్చుకోవడానికి ఒప్పుకున్నారు, ఖర్చు మాది. ఎకరానికి 43,560 చదరపు అడుగులు. దారులకు, ప్రహరీకి, షెడ్డుకు మూడోవంతు వదిలి, నడవతో కలిపి సమాధికి 50 చదరపు అడుగులు లెక్కవేస్తే ఎకరంలో సుమారు 580 సమాధులు పడతాయి. మేము రెండు ఎకరాలకు బయానా ఇచ్చాం.

ఆ సంస్థకు అయిదుకు నాలుగు మార్కులు వేస్తాను. గొట్టాలు వారు పీక్కుపోలేదు. మూడవ స్థలంలోని మూత తాళంచెవి ఇప్పుడు కమిటీ కార్యదర్శి దగ్గర ఉంది. ప్రతి నెల చివరి శనివారం మేమే టేపు వేసి లోతు పుస్తకంలో రాసుకుంటున్నాం.