బతుకమ్మ కిట్టుకు ఐదుకు రెండు చుక్కలు, పూలతోటకు ఐదుకు ఐదు

అమెరికాల, న్యూజెర్సీ ఎడిసన్‌ల ఉండవట్టి పదకొండేండ్లు. ఇన్నేండ్లు బతుకమ్మంటే ఇండియన్ స్టోరుకు పోయి బంతిపూల ప్యాకెట్లు తెచ్చుకునుడే. ఈసారి (2025ల) ఒక దుకాణపోళ్లు వాట్సాప్‌ల 'బతుకమ్మ కిట్' అని పెట్టిన్రు. 35 డాలర్లు, ముందే కట్టాలె. కట్టిన.

డబ్బా ఇప్పితే బంతిపూలు దండ గుచ్చేటందుకు తెంపినవి, ఒక్కదానికి కాడ లేదు. బతుకమ్మ పేర్చాలంటే వేలెడన్న కాడ ఉండాలె గదా! కాడలు లోపలికి పెట్టుకుంట వరుస మీద వరుస ఎక్కిస్తం, నడుమ ఆకుల ముక్కలు కూరుతం. బోడి పువ్వు ఎన్నిసార్లు పెట్టినా జారుడే. గునుగు పేరు మీద ఏదో ఎండుగడ్డిని గులాబి రంగుల ముంచి కట్టలు కట్టిన్రు. తడి తగలంగనే రంగంత నా వేళ్లకే. తంగేడు ప్లాస్టిక్‌ది. ఇక్కడ తంగేడు దొరకదని నాకూ తెల్సు, ఆ ముక్కేదో ముందే రాయొచ్చు. ఫోన్ చేస్తే "పండుగ సరుకక్కా, వాపస్ ఉండదు" అన్నడు. పసుపు, కుంకుమ మంచిగున్నయి, అందుకే ఒక చుక్కకు ఇంకోటి కలిపి రెండిచ్చిన.

ఇగ పూలు మనమే కోసుకునే తోట సంగతి. ఇంటికి 40 నిమిషాల దూరం. బకెట్, కత్తెర చేతికిస్తరు, 25 డాలర్లకు బకెట్‌ల ఎన్ని పడితే అన్ని కోసుకోవచ్చు. సెప్టెంబరు 28 ఆదివారం పొద్దుగాల పోయినం, మంచుకు బూట్లు తడిసినయి. బంతి కోసుకుంట మూలకు పోతే 'సెలోషియా' అని చెక్క మీద రాసి ఉంది. కొసకు గులాబి, కిందికి వచ్చేసరికి వెండి తెలుపు. మా కరీంనగర్ దిక్కు చెలకలల్ల కలుపని పీకి పారేసే గునుగే, ఇక్కడ సాళ్లు పెట్టి పెంచుతున్నరు! అమ్మకు వీడియో కాల్ చేసి చూపెట్టిన. "గునుగే బిడ్డా, గని మన దానికంటే బలిసింది" అన్నది.

నాలుగు బకెట్లు చూసి తోటాయన "పెండ్లా?" అని అడిగిండు. పూలతోటి తల్లిని జేసి, ఆడి, నీళ్లల్ల వదుల్తమని చెప్పిన. హాలోవీన్‌కు వేసిన గుమ్మడి తీగలు చూపెట్టి, ఆకులు ఊకెనే తీస్కపొమ్మన్నడు. ముదురాకులకు బూడిద తెగులు పట్టింది, బతుకమ్మ కింద పరిచేటందుకు లేతవి ఏరుకోవాలె. గౌరమ్మకు గుమ్మడి పువ్వు కూడ దొరికింది. గట్టు మీది గోల్డెన్‌రాడ్ అనే పసుపుపచ్చ పూలను తంగేడు జాగల పెట్టిన. దూరంకెల్లి చూస్తే అత్తమ్మ కూడ మోసపోయింది.

కార్డు తీసుకోరు, నగదే. తేనెటీగలు మస్తుగున్నయి, పిల్లలు జాగ్రత్త. బంతిల ఒక్క నారింజ రంగే ఉంది, పసుపుపచ్చది లేదు.

ఇక్కడి మనోళ్ల అసోసియేషన్ బతుకమ్మ ఆట శనివారమే అయిపోయింది గని, మా ఇంట్ల సద్దుల బతుకమ్మ 30నాడు, మంగళవారమే చేసినం. గరాజ్‌ల నీళ్లల్ల పెట్టిన పూలు రెండు రోజులైనా వాడలే. మోకాలెత్తు బతుకమ్మ ఆట అయ్యేదాక ఒరగలే.

2026ల అధిక జ్యేష్ఠం ఉంది, ఒక నెల ఎక్కువొస్తది గనక సద్దుల అక్టోబరు నడుమకు పోతది. అప్పటికి మంచు గట్టిగ పడితే బంతి, గునుగు రెండూ మాడిపోతయి. తోటకు ఫోన్ చేసి, పూలున్నయా అని అడిగినంకనే బయలెల్లుండ్రి.