బిస్మార్కా, ష్టైనా: ఎవరి జీవితం ముందు చదవాలి?

గ్రూప్-1, సివిల్స్‌కి చదివే పిల్లలు నన్ను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. "1918లో రిపబ్లిక్ రాకముందు జర్మనీ ఎలా ఉండేదో ఒక్క మనిషి జీవితంలోంచి తెలుసుకోవాలంటే ఎవరిది చదవాలి సార్?" అడిగేటప్పటికే వాళ్ల మనసులో జర్మనీని ఒక్కటి చేసిన బిస్మార్క్ పేరు ఉంటుంది. ఇన్నాళ్లూ నేనూ అదే చెప్పాను. ఈమధ్య జవాబు మార్చుకుని, ముందు ఆయనకంటే రెండు తరాల ముందటి సంస్కర్త ష్టైన్‌ని చదవమంటున్నాను.

ఇద్దరూ కులీన కుటుంబాల్లో పుట్టినవాళ్లే. ఇద్దరూ గ్యోటింగెన్‌లో లా చదివి, జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా రాజు దగ్గర మంత్రులయ్యారు. పోలిక అక్కడితో సరి. బిస్మార్క్ (1815–1898) ఎల్బే నది దగ్గరి షోన్‌హౌజెన్‌లో పుట్టిన జమీందారు బిడ్డ. అలాంటి భూస్వాములను యుంకర్లు అంటారు. ష్టైన్‌ది (1757–1831) పడమటి వైపున్న నాసౌ. వాళ్ల కుటుంబం నేరుగా అప్పటి పవిత్ర రోమన్ చక్రవర్తి కిందే ఉండేది, మధ్యలో ఏ రాజుకూ లోబడింది కాదు. ఆయన 1780లో ప్రష్యా గనుల శాఖలో చేరాడు. రూర్ ప్రాంతంలో బొగ్గు గనులు, పడవ దారులు, సుంకాలు చూస్తూ పైకొచ్చాడు. పని తెలిసిన అధికారి, ముక్కుసూటి మనిషి. 1807 జనవరిలో రాజు మూడో ఫ్రెడరిక్ విలియం ఆయన్ని మొండివాడని తిట్టి పంపించేశాడు. ఆ ఏడాదే జూలైలో, నెపోలియన్ చేతిలో ఓడి చేసుకున్న టిల్సిట్ సంధితో ప్రష్యా సగం దేశం పోగొట్టుకుంది. అప్పుడు మళ్లీ ఆయన్నే పిలిపించాల్సి వచ్చింది.

బిస్మార్క్ గొప్పతనాన్ని తక్కువ చేయను. 1862 నుంచి 1890 దాకా అధికారంలో ఉన్నాడు. 1864, 1866, 1870–71 యుద్ధాల తర్వాత ముక్కలుగా ఉన్న జర్మనీ ఒక సామ్రాజ్యమైంది. 1870 జూలై 13 రాత్రి సంగతి చూడండి. సేనాధిపతి మోల్ట్‌కే, యుద్ధ మంత్రి రోన్ ఆయనతో భోజనానికి కూర్చున్నారు. రాజు ఉన్న ఎమ్స్ ఊరి నుంచి ఆయన తరఫున టెలిగ్రామ్ వచ్చింది. బిస్మార్క్ అందులో కొత్త మాట ఒక్కటీ చేర్చలేదు, కొన్ని తీసేశాడంతే. చదివితే రాజు ఫ్రాన్స్ రాయబారి మొహం మీదే తలుపేసి పంపినట్టు అనిపించేలా తయారైంది. ఆరు రోజుల్లో ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించింది. మరోవైపు కార్మికులకు ఆరోగ్య బీమా (1883), ప్రమాద బీమా (1884), వృద్ధాప్య పెన్షన్ (1889) ఆయన హయాంలోనే వచ్చాయి. పరీక్షకు ఇవన్నీ కావాల్సిందే.

కానీ నా లెక్కలో తేల్చాల్సింది వేరే. ఆ మనిషి కుర్చీ దిగాక ఏం మిగిలింది?

బిస్మార్క్ రాయించిన రాజ్యాంగంలో ఛాన్సలర్‌ను, అంటే ప్రభుత్వాధినేతను, నియమించేదీ, తీసేసేదీ చక్రవర్తే. వయోజన పురుషులందరికీ ఓటు ఇచ్చాడు, నిజమే. ఆ ఓటుతో ఏర్పడ్డ పార్లమెంటు రైష్‌స్టాగ్‌కు మాత్రం ఛాన్సలర్‌ను దించే హక్కు లేదు. ముసలి చక్రవర్తి మొదటి విల్‌హెల్మ్ ఈయన మాట వినేవాడు కాబట్టి బండి నడిచింది. 1888లో ఆయన మనవడు, కుర్ర రెండో విల్‌హెల్మ్ గద్దెనెక్కాడు, 1890 మార్చిలో బిస్మార్క్‌ను ఇంటికి పంపాడు. చక్రవర్తిని అడ్డుకునే శక్తి ఆ పద్ధతిలో ఎవరికీ లేదు, కట్టినవాడికే లేకపోయింది.

ఇక ష్టైన్. రెండోసారి ఆయన చేతిలో ఉన్నవి 14 నెలలే. వచ్చిన వెంటనే, 1807 అక్టోబర్ 9న, ఒక ఫర్మానా వచ్చింది. దొర అనుమతి లేకుండా రైతు ఊరు వదలడానికీ, పెళ్లి చేసుకోవడానికీ వీల్లేని రోజులవి. 1810 నవంబర్ 11 తర్వాత ప్రష్యాలో అందరూ స్వతంత్రులే అని ఆ ఫర్మానా చెప్పింది. తర్వాతది 1808 నవంబర్ 19 నాటి పట్టణాల చట్టం. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది దీనివల్లే. పట్టణ సభ్యులను వృత్తి సంఘాల వారీగా కాకుండా వార్డుల వారీగా పట్టణవాసులే ఎన్నుకోవాలి. సభ్యులకు జీతం ఉండదు, ఊరి పని ఊరివాళ్లే చూసుకోవాలి. అందరికీ ఓటు లేదు. చిన్న, మధ్యతరహా పట్టణాల్లో ఏడాదికి 150 టాలర్లు (అప్పటి వెండి నాణేలు), పెద్ద నగరాల్లో 200 టాలర్ల ఆదాయం ఉండాలి. ఆడవాళ్లకు అసలే లేదు. అయినా తలుపు తెరుచుకుంది. 1809లో బెర్లిన్ తన మొదటి నగర సభను ఎన్నుకుంది. ఆ ఏడాదే డేవిడ్ ఫ్రీడ్‌లెండర్ అనే యూదుడు ఆ నగర పాలకవర్గంలో కూర్చున్నాడు.

అప్పటికి ష్టైన్ పదవిలో లేడు. ఫ్రాన్స్ మీద తిరుగుబాటు గురించి ఆయన రాసిన ఉత్తరం దారిలో దొరికిపోయింది, పారిస్ పత్రికలో అచ్చయింది. చట్టం వచ్చిన ఐదో రోజునే, నవంబర్ 24న, పదవి పోయింది. డిసెంబర్ 16న మాడ్రిడ్ నుంచి నెపోలియన్ "ష్టైన్ అనేవాడు" ఫ్రాన్స్‌కు శత్రువని ప్రకటించి ఆస్తులు జప్తు చేయించాడు. 1809 జనవరి చలిలో ఆయన బెర్లిన్ వదిలి ఆస్ట్రియా ఏలుబడిలోని బొహీమియాకు పారిపోయాడు. మనిషి లేడు, ఆస్తి లేదు, చట్టం మాత్రం నడిచింది. పట్టణాలు తమను తాము నడుపుకోవడం జర్మనీకి అక్కడే అలవాటైంది.

ష్టైన్‌లో లోటు లేదా అంటే ఉంది, పెద్దదే. రైతుకు స్వేచ్ఛ ఇచ్చాడు గానీ భూమి సంగతి తేల్చలేదు. తర్వాత ఛాన్సలర్ అయిన హార్డెన్‌బెర్గ్ 1811లో తేల్చిన తీరు రైతును ముంచింది. పొలం సొంతం కావాలంటే మూడో వంతో, సగమో దొరకు వదులుకోవాలన్నాడు. యుంకర్ల ఎస్టేట్లు ఇంకా పెరిగాయి. పల్లెల్లో దొర చేతిలో ఉన్న పోలీసు అధికారం 1872 దాకా పోలేదు. బిస్మార్క్ పుట్టి పెరిగింది ఆ యుంకర్ల లోకంలోనే. అందుకే ష్టైన్‌ని ముందు చదివితే బిస్మార్క్ తేలిగ్గా అర్థమవుతాడు.

హార్డెన్‌బెర్గ్‌కు వేరే పుస్తకం అక్కర్లేదు, ష్టైన్ కథలోనే వస్తాడు. బాడెన్ రాకుమారుడు మాక్స్ గురించి కూడా అడుగుతుంటారు. ఆయన ఛాన్సలర్‌గా ఉన్నది 1918 అక్టోబర్ 3 నుంచి నవంబర్ 9 వరకే, ఒక సాయంత్రం చాలు.

టైమ్ తక్కువుంటే ష్టైన్ బాల్యం వదిలేయండి. 1807 అక్టోబర్ దగ్గర మొదలుపెట్టి 1809 జనవరి దాకా చదివి, అక్కడి నుంచి నేరుగా బిస్మార్క్ అధికారంలోకి వచ్చిన 1862 సెప్టెంబర్‌కు వెళ్లండి.