మందు రాసే ముందు పావురాల గురించి అడిగిన క్లినిక్

అమ్మకు చాలాకాలంగా పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. ఇంతకుముందు చూపించిన చోట ఆస్తమా అని ఇన్‌హేలర్ ఇచ్చారు, తగ్గలేదు. హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గరి ఈ ఊపిరితిత్తుల క్లినిక్‌కు మాత్రం ఐదు స్టార్లూ ఇస్తాను, ఎందుకంటే ఇక్కడి డాక్టరమ్మ స్టెతస్కోప్ పెట్టకముందే బాల్కనీలో పావురాలు వాలతాయా, ఎయిర్ కూలర్ వాడతారా, గోడలకు బూజు పడుతుందా అని ఎంతో ఓపిగ్గా అడిగారు.

మా బాల్కనీ నిండా పావురాల రెట్టలే! రెట్టల్లో, ఈకల్లో ఉండే ప్రోటీన్లను రోజూ పీలుస్తుంటే కొందరిలో రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించి ఊపిరితిత్తులు వాస్తాయట, దాని పేరు హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. పట్టించుకోకపోతే మచ్చలు కట్టి గట్టిపడిపోతాయి, అది ఇక వెనక్కి రాదు. ఇదేదో అరుదైన జబ్బు అనుకోకండి, 2017లో వెలువడిన మన దేశపు ఐఎల్‌డీ (ఊపిరితిత్తుల కణజాలం వాచి మచ్చలు కట్టే జబ్బుల గుంపు) రిజిస్ట్రీలో 1084 మంది రోగుల్లో దాదాపు సగం మందికి ఇదే.

గొట్టంలోకి ఊదించి ఊపిరి సామర్థ్యం కొలిచే స్పైరోమెట్రీ అక్కడే చేశారు, ఊపిరితిత్తులను వివరంగా చూపే హెచ్‌ఆర్‌సీటీ స్కాన్‌కు బయటికి పంపారు. స్కాన్ స్క్రీన్ మీద పెట్టి ఎక్కడ తేడా ఉందో అమ్మకే చూపించారు. పావురాల ప్రోటీన్లకు వ్యతిరేకంగా మన శరీరం తయారుచేసే యాంటీబాడీలు రక్తంలో కనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదని, ఇంటి పరిస్థితి, స్కాన్, శ్వాస పరీక్షలు అన్నీ కలిపి చూడాలని, అప్పటికీ తేలకపోతేనే బ్రాంకోస్కోపీ (సన్నని గొట్టం కెమెరాతో ఊపిరితిత్తుల లోపల చూసే పరీక్ష) అని చెప్పారు. భయపెట్టి టెస్టులు రాయలేదు, అది నాకు బాగా నచ్చింది.

సాయంత్రం రద్దీ ఎక్కువ, పార్కింగ్ కష్టం. పొద్దున్నే వెళ్ళండి, పాత ఎక్స్‌రేలన్నీ పట్టుకెళ్ళండి, ఆవిడ ఒక్కొక్కటీ చూస్తారు.