అటారీ వీసీఎస్ తొలి ఆటలు: విడిగా కొన్న వాటికన్నా ఊరికే వచ్చిందే నయం

తర్వాతి కాలంలో 2600గా పేరుపడిన అటారీ వీడియో కంప్యూటర్ సిస్టమ్ (వీసీఎస్) అనే, టీవీకి తగిలించి ఆడే ఆటల యంత్రం 1977 సెప్టెంబరులో అమెరికా మార్కెట్లోకి వచ్చినప్పుడు దానికోసం తొమ్మిది క్యాట్రిడ్జ్‌లు (యంత్రంలో గుచ్చే ఆటల డబ్బాలు) సిద్ధంగా ఉన్నాయి. వాటిలో ‘కాంబాట్’ యంత్రంతో పాటు పెట్టెలోనే వచ్చేది. మిగిలిన ఎనిమిదీ విడిగా కొనుక్కోవలసినవి. ఇప్పుడు వాటిని వరుసగా ఆడి చూస్తే, విడిగా కొన్న వాటిలో చాలామటుకు ఊరికే వచ్చినదాని ముందు తేలిపోతాయి.

తెరపై బొమ్మలు గీసే టీఐఏ చిప్‌ను బ్యాటుతో బంతిని అటూ ఇటూ కొట్టుకునే ‘పాంగ్’, ట్యాంకులతో పోరాడే ‘ట్యాంక్’ వంటి ఆర్కేడ్ (నాణెం వేసి ఆడే యంత్రాల) ఆటలను ఇంటికి తేవడానికే రూపొందించారు. ఇద్దరు ఆటగాళ్ల బొమ్మలు, వారికి చెరొక గుండు, ఒక బంతి, వెనుక గోడలు: దానికి తెలిసిన ప్రపంచం ఇంతే. ర్యామ్ 128 బైట్లు, తొలి క్యాట్రిడ్జ్‌లలో పట్టే ప్రోగ్రామ్ 2 కిలోబైట్లు. తెరమీది చిత్రాన్ని మొత్తంగా దాచుకునే చోటు లేదు కనుక, టీవీ ఒక్కొక్క గీతను గీస్తున్నంతసేపూ ప్రోగ్రామ్ దాని వెంటపడి, ఆ గీతలో ఏముండాలో అప్పటికప్పుడు అందిస్తూ ఉండాలి.

ట్యాంకులు, విమానాలతో ఇద్దరు ఒకరినొకరు కాల్చుకునే ‘కాంబాట్’ ఈ కొలతలకు సరిగ్గా కుట్టిన చొక్కా. అందులోని ట్యాంక్-పాంగ్ ఆటలో గుండు గోడకు తగిలి మళ్లుతుంది కాబట్టి, ఎదుటివాడు గోడచాటున దాక్కున్నా ఏ కోణంలో కొడితే తగులుతుందో లెక్క వేయవచ్చు; తగిలిన ట్యాంకు గిర్రున తిరుగుతూ వెనక్కి జారిపోతుంటే నవ్వు ఆగదు. కాకపోతే ఒంటరిగా ఆడేవారికి ఇందులో ఏమీ లేదు, రెండో మనిషి ఉండి తీరాలి.

ఆ కొలతలు దాటబోయిన ‘స్టార్ షిప్’ బోర్లాపడింది. నౌకలో కూర్చుని అంతరిక్షాన్ని చూస్తున్న భ్రమ కలగాలంటే శత్రువు దగ్గరయ్యే కొద్దీ పెద్దవాలి. ఇక్కడ మాత్రం ముతక చుక్కల బొమ్మ ఉన్నట్టుండి ఉబ్బుతుంది. ‘స్ట్రీట్ రేసర్’లో ప్రధానంగా పైనుంచి దిగే అడ్డంకులను తప్పించుకోవడమే పని, కొద్ది నిమిషాలకే విసుగు పుడుతుంది. ‘బేసిక్ మ్యాథ్’ను ఆట అనడానికే మనసొప్పదు. తెరపై ఒక లెక్క కనిపిస్తుంది, జవాబులోని అంకెను జాయ్‌స్టిక్‌తో మార్చుకుంటూ పోవాలి. కాగితంమీద ఒక్క క్షణంలో రాసే ఏడును ఇక్కడ అంకెలు మార్చుకుంటూ వెతుక్కోవాలి. పిల్లల చేతికి పెన్సిలిస్తే ఇంతకన్నా త్వరగా నేర్చుకుంటారు.

అట్టపెట్టెలమీది అంకెలు మరో తిరకాసు. ‘వీడియో ఒలింపిక్స్’లో 50 ఆటలున్నాయంటారు, హాకీ, వాలీబాల్ అని పేర్లు మారినా అన్నిటిలోనూ బంతిని కొట్టేది పాంగ్ బ్యాటే. ‘కాంబాట్’ 27 ఆటల లెక్క కూడా ఇలాంటిదే అయినా, అందులో గోడలో, వాహనమో, గుండు పోయే తీరో మారినప్పుడు ఆడే పద్ధతి కూడా మారుతుంది.

విడిగా కొనదగినది నా దృష్టిలో ‘ఇండీ 500’ ఒక్కటే. ఒకే తెరలో ట్రాక్ అంతా కనిపిస్తుంది, మంచుమీద పందెంలో కారు జారుతుంటే చక్రాన్ని ముందే తిప్పుకోవాలి. అయితే దీనికి ఎటూ ఆగకుండా తిరిగే ప్రత్యేక డ్రైవింగ్ కంట్రోలర్లు కావాలి. చూడటానికి వాటిలాగే ఉండే మామూలు ప్యాడిల్ కొంతమేర తిరిగి ఆగిపోతుంది, దానితో ఈ ఆట నడవదు. పాత క్యాట్రిడ్జ్ కొనేవారు ఆ కంట్రోలర్ల జత కూడా ఉందో లేదో చూసుకుని, ఒకసారి పూర్తిగా తిప్పి చూశాకే డబ్బు ఇవ్వడం మంచిది.